ఏప్రిల్ 5 బిట్‌లో కనిపించని ఆస్పత్రి ఓడ

సంపాదకులు గారికి నమస్కారాలు.

సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయునిగా పదవీ విరమణ చేసిన నేను, కొంతకాలంగా నల్లగొండలో గ్రంథాలయానికి వచ్చే గ్రూప్స్ అభ్యర్థులకు చరిత్రలో సందేహాలు తీరుస్తున్నాను. తిప్పర్తి వైపు పల్లె నుంచి రోజూ బస్సులో వచ్చి చదువుకునే ఒక అమ్మాయి మొన్న తన నోటు పుస్తకం నా ముందు పెట్టింది. "జాతీయ నౌకాయాన దినోత్సవం ఏప్రిల్ 5; 1919లో ఎస్.ఎస్. లాయల్టీ బొంబాయి నుంచి లండన్‌కు బయలుదేరిన రోజు" అనే బిట్ కింద పెన్సిలుతో "అంతకుముందు ఈ ఓడ ఏం చేసేది సార్?" అని రాసి ఉంది. ఈ ప్రశ్న నేను పాఠం చెప్పిన అన్నేళ్లలో ఏ గైడులోనూ చూడలేదు, నేనూ ఏ తరగతిలోనూ చెప్పలేదు. అందుకే ఈ ఉత్తరం.

ఆ ఓడ అంతకుముందు ఆస్పత్రిగా ఉండేది. ఎంప్రెస్ ఆఫ్ ఇండియా అనే పేరుతో 1891 నుంచి పసిఫిక్ సముద్రంలో ప్రయాణికులను చేరవేసిన ఈ కెనడా కంపెనీ ఓడను, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన కొన్ని నెలలకే, 1914 చివరలో గ్వాలియర్ మహారాజు సింధియా కొన్నారు. గాయపడిన భారతీయ సైనికుల కోసం దానిని ఆస్పత్రిగా మార్పించి, లాయల్టీ అని పేరు మార్చారు. యుద్ధం ముగిశాక వ్యాపారవేత్త వాల్‌చంద్ హీరాచంద్, ఆయన మిత్రులు దానిని కొని నౌకా వ్యాపారం మొదలుపెట్టారు. వారు పెట్టిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీయే తర్వాత విశాఖపట్నంలో నౌకా నిర్మాణ కేంద్రాన్ని స్థాపించి, 1948లో జల ఉష అనే ఓడను నీటిలోకి దింపింది. వ్యాపారం కథ మనకు బిట్‌గా మిగిలింది కానీ, గాయపడినవారిని మోసిన కథ మిగలలేదు.

ఆస్పత్రి ఓడలకు 1899 నాటి హేగ్ ఒప్పందం చట్టపరమైన రక్షణ కల్పించింది. 1907లో దానిని సవరించారు. ఓడకు తెల్లరంగు వేసి, చుట్టూ సుమారు మీటరున్నర వెడల్పున పచ్చని పట్టీ గీయాలన్నది అప్పటి నియమం. సహాయ సంఘాలు నడిపే ఓడ అయితే ఆ పట్టీ ఎర్రగా ఉండాలన్నారు. ఓడ పేరు శత్రువుకు ముందే తెలపాలి. ఏ దేశపు క్షతగాత్రుడికైనా వైద్యం చేయాలి. శత్రువు ఆపి సోదా చేస్తానంటే ఒప్పుకోవాలి. దాక్కోవడానికి వీలు లేని ఓడ అది; దానికి ఉన్న కవచమల్లా ఎదుటివాడి మాట మీద నమ్మకమే.

అయితే మన సైనికులకు ఎదురైన ఘోరం శత్రువు చేసింది కాదు. 1915 నవంబరులో ఇప్పటి ఇరాక్‌లోని టెసిఫాన్ వద్ద దెబ్బతిన్న బ్రిటిష్ ఇండియా సేన తన క్షతగాత్రులను టైగ్రిస్ నదిలో సరుకుల పడవల మీద బస్రాకు పంపించింది. ఆ దండయాత్ర బాధ్యత భారత ప్రభుత్వానిదే అయినా, నదిలో నడిచే ఆస్పత్రి పడవలను మాత్రం సిద్ధం చేయలేదు. బస్రాలో వరేలా అనే ఆస్పత్రి ఓడ మీద ఉన్న ఇండియన్ మెడికల్ సర్వీస్ డాక్టరు మేజర్ కార్టర్, వస్తున్న మెజిదియే అనే పడవను దూరం నుంచి చూసి, దాని అంచుల నుంచి తాళ్లు వేలాడుతున్నాయని అనుకున్నారు. దగ్గరికి వచ్చాక తెలిసింది, అవి తాళ్లు కావు, ఎండిపోయిన మలం. కదలలేని మనుషులను కప్పు లేని డెక్కు మీద ఒకరినొకరు తాకేంత ఇరుకుగా పడుకోబెట్టారు. విరిగిన కాళ్లకు బద్దలుగా విస్కీ పెట్టెల చెక్కముక్కలు కట్టి ఉన్నాయి. ఇదంతా కాగితం మీద పెట్టినందుకు పై అధికారులు కార్టర్‌నే నిర్బంధిస్తామని బెదిరించారు. ఆయన వెనక్కి తగ్గలేదు. విచారణ సంఘం నివేదిక 1917లో బయటికి వచ్చినప్పుడు బ్రిటన్ ప్రభుత్వంలో భారత వ్యవహారాల మంత్రి ఆస్టెన్ చాంబర్లేన్ రాజీనామా చేయవలసి వచ్చింది. ఆ డెక్కు మీద పడి ఉన్నవారిలో చాలామంది మన దేశపు సిపాయిలే అన్న మాట మన పాఠ్యపుస్తకాలలో ఒక్క పేరాకైనా నోచుకోవాలని నా కోరిక.

శత్రువులూ మాట తప్పారు. 1918 జూన్‌లో జర్మనీ జలాంతర్గామి లాండవరీ కాజిల్ అనే ఆస్పత్రి ఓడను ముంచి, ప్రాణరక్షక పడవల మీద కూడా కాల్పులు జరిపింది. మరణించిన 234 మందిలో 14 మంది కెనడా నర్సులు. 1943 మేలో ఆస్ట్రేలియా తీరంలో దీపాలన్నీ వెలిగించుకుని వెళుతున్న సెంటార్ అనే ఆస్పత్రి ఓడను జపాన్ జలాంతర్గామి ముంచినప్పుడు 268 మంది పోయారు. అందులో ఉన్న 12 మంది నర్సులలో బతికింది ఎలెన్ సావేజ్ ఒక్కతే. పక్కటెముకలు విరిగిన సంగతి ఎవరికీ చెప్పకుండా, తెప్ప మీద ఉన్నవారికి ఆమె సేవ చేసింది. మరోవైపు, యుద్ధం ముగిసే ముందు జపాన్ తన ఆస్పత్రి ఓడ తచిబానా మారులో రోగుల వేషంలో పదిహేను వందల మందికి పైగా సైనికులను ఆయుధాలతో సహా తరలిస్తూ పట్టుబడింది. ఇలాంటి ఒక్క మోసం మిగతా తెల్ల ఓడలన్నిటినీ అనుమానాల పాలు చేస్తుంది కనుక, దీనిని నేను ఓడలను ముంచడం కంటే చిన్న నేరంగా చూడలేను.

మన బంగాళాఖాతం నుంచే దీనికి భిన్నమైన ఉదాహరణ ఉంది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాన్ బాంబులు వేసిన సంగతి అందరికీ తెలుసు. మూడు రోజులకు లంక తూర్పు తీరంలో హెర్మిస్ అనే బ్రిటిష్ విమానవాహక నౌకను జపాన్ విమానాలు ముంచినప్పుడు, అక్కడికి దగ్గరలోనే ఉన్న వీటా అనే ఆస్పత్రి ఓడ జోలికి మాత్రం ఆ విమానాలు పోలేదు. వీటా సముద్రంలో తేలుతున్న సుమారు 600 మందిని ఎక్కించుకుని కాపాడింది.

వచ్చే ఏప్రిల్ 5న మీ విద్యా పేజీలో లాయల్టీ గురించి రాసేటప్పుడు, అది ఆస్పత్రిగా గడిపిన కాలం గురించి, టైగ్రిస్ మీద మన సిపాయిలు పడిన యాతన గురించి కూడా నాలుగు మాటలు చేర్చవలసిందిగా కోరుతున్నాను. చేర్చిన రోజు ఆ పేజీని కత్తిరించి గ్రంథాలయం నోటీసు బోర్డు మీద అంటించే పని నాది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నల్లగొండ.