ఏ మొక్క కింద ఏమి పరచాలి?

హైదరాబాద్,
మే నెలాఖరు.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. ఘట్‌కేసర్ దగ్గరి స్థలంలో విదేశీ పూలమొక్కల జోలికి పోకుండా తంగేడు, జమ్మి, కానుగ, రేల, వావిలి, గునుగు వంటి మన నేల మొక్కలనే పెంచాలని నువ్వూ చెల్లెమ్మా నిర్ణయించుకున్నందుకు చాలా సంతోషించాను. మల్చింగ్ కోసం, అంటే మొక్కల మొదళ్ల చుట్టూ నేలను కప్పడానికి, నర్సరీవాళ్లు పైన్ బెరడు ముక్కలో తెల్లని పాలరాతి ముక్కలో కొనమంటున్నారని, వాటిలో ఏది మేలని అడిగావు. నా మాట వింటే రెండూ వద్దు. పైన్ బెరడు చెడ్డదేమీ కాదు గాని, ఎక్కడో కొండల్లో పెరిగిన చెట్టు బెరడును సంచుల లెక్కన కొని తేవలసిన ఖర్మ, చుట్టూ ఇన్ని వేపలూ కానుగలూ ఉన్న నీకు పట్టలేదు. పాలరాయి మాత్రం నిజంగానే చేటు చేస్తుంది. అందులో ఉన్నది సున్నపు పదార్థం కాబట్టి వానకు కొద్దికొద్దిగా కరిగి నేలలో క్షారగుణాన్ని పెంచుతుంది. అప్పుడు మొక్కకు ఇనుము సరిగా అందక లేతాకులు పసుపుబారతాయి.

నీది ఎర్ర చల్కా నేల అని రాశావు. ఆ నేల మీద పెద్ద చినుకు నేరుగా పడితే పై మట్టి చితికి, సందులు పూడుకుపోయి, ఎండ కాయగానే పైపొర అట్టకట్టేస్తుంది. ఆ తరువాత ఎంత వాన కురిసినా లోపలికి ఇంకేది తక్కువ, పల్లానికి పోయేది ఎక్కువ. పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో ఎర్ర నేలల ఈ గుణం మీద చాలా పరిశోధన జరిగింది. మన నగరానికి ఏడాదిలో వచ్చే వాన సుమారు 800 మిల్లీమీటర్లు, అందులోనూ అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడిపోతుంది కనుక, ఆ నాలుగు నెలల్లో నేల ఎంత తాగితే మొక్కకు మిగతా ఏడాదంతా అంతే ఆధారం. అందుచేత మన దగ్గర మల్చింగ్ అంటే వేసవిలో తేమను ఆపడం ఒక్కటే కాదు, వానాకాలంలో చినుకు దెబ్బను కాచుకోవడం కూడా.

ఇక ఏది పరచాలన్న ప్రశ్నకు నేను చూసుకునే లెక్క ఒకటే: ఆ మొక్క తన సొంత చోట పెరుగుతున్నప్పుడు దాని మొదట్లో నేల మీద ఏముంటుంది? కానుగ కింద ఆకు ఉంటుంది. పాత కానుగ చెట్టు కింద చేత్తో ఆకును తొలగించి చూడు. పైన గలగలలాడే ఎండుటాకు, దాని కింద ఈనెలు మాత్రమే మిగిలి జల్లెడలా అయిన నల్లని ఆకు, వాటిని అల్లుకుని తెల్లని బూజు దారాలు, ఆ కింద వేలు సులువుగా దిగిపోయే మట్టి కనిపిస్తాయి. వేప, కానుగ, రేల, మోదుగ ఎండాకాలం ముందో, దాని ఆరంభంలోనో ఆకు రాల్చడం వల్ల, నేలకు కప్పు అవసరమైన వేళకే కప్పు సిద్ధమవుతుంది. మనవాళ్లు ఆ ఆకును ఊడ్చి, కుప్పపోసి, అగ్గిపుల్ల గీస్తారు. బహిరంగంగా చెత్త కాల్చేవారికి జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే 5,000 రూపాయల జరిమానా నిర్ణయించినా కాలనీల్లో ఆ పొగ ఆగలేదు. ఆ కుప్పలను అగ్గి కంటే ముందు నువ్వు అందుకుంటే చాలు, కానుగ, రేల, వావిలి మొదళ్లకు వేరే సరుకు వెతకనక్కరలేదు. నీలగిరి ఆకును మాత్రం తేవద్దు, లేత మొక్కల ఎదుగుదలను అది అణచివేస్తుంది. గింజకట్టిన వయ్యారిభామ కలిసిన కుప్పనైతే తాకనే తాకవద్దు.

తంగేడు తీరు వేరు. ఖాజాగూడ గుట్టల మీద రాళ్ల సందుల్లో, గరుసు మట్టిలో అది ఎంత హాయిగా పూస్తుందో నీకు తెలుసు. దాని మొదట్లో మందంగా ఆకు వేసి తడి నిలిపితే వేరు కుళ్లే ప్రమాదముంది. తంగేడుకూ జమ్మికీ స్థానికంగా దొరికే చిన్న గ్రానైట్ కంకరను పలచగా చల్లితే సరిపోతుంది. అది నేల గుణాన్ని మార్చదు. రోహిణి కార్తెలో రాయి కాలుతుంది నిజమే గాని, ఈ రెండూ ఆ కాకకు పుట్టినవే. గునుగుకైతే ఏమీ వేయవద్దు. నల్లగా మెరిసే దాని చిన్న గింజలు నేలను తాకి, తొలకరి తడికి తమంతట తామే మొలవాలి. వాటి మీద మూడంగుళాల ఆకు పరిచావంటే బతుకమ్మకు గునుగు కోసం బజారుకే వెళ్లవలసి వస్తుంది.

ఖాళీ నేల వదలడానికి ఇంకో కారణముంది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది కూడా అదే. ప్రపంచంలో 20,000కు పైగా తేనెటీగ జాతులుంటే, వాటిలో ఎక్కువ భాగం తేనెపట్టు పెట్టవు, నేలలో బొరియలు చేసుకుని పిల్లల్ని పెంచుతాయి. తంగేడు పువ్వులో పుప్పొడి కేసరం కొసనున్న చిన్న రంధ్రంలోంచే బయటికి రావాలి. ఈగ ఆ కేసరాన్ని పట్టుకుని జుమ్మని ఒళ్లు అదిరించినప్పుడే అది రాలుతుంది. అలా అదిరించగల నీలి చారల తేనెటీగ గూడు కట్టేది మట్టిలోనే. తోటంతా అంగుళం ఖాళీ లేకుండా కప్పేస్తే దానికి చోటెక్కడ? ఎండ తగిలే ఒక మూలను కప్పకుండా, తవ్వకుండా వదిలెయ్యి. అది చూసేవాళ్లకు పని మిగిలిపోయినట్టే కనిపిస్తుంది, కనిపించనీ.

మిగతా సరుకుల గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. వరిగడ్డి మంచిదే, కాకపోతే అందులో మిగిలిన గింజలు మొలిచి కొన్నాళ్లు పీకుడు పని పెడతాయి. ఊక గాలికి లేస్తుంది, వానకు తేలిపోతుంది. రంపపు పొట్టును మట్టిలో కలిపితే అది కుళ్లేటప్పుడు నత్రజనిని లాగేసుకుంటుంది. ప్లైవుడ్ పొట్టులో జిగురు కూడా ఉంటుంది కనుక మరీ వద్దు. ప్లాస్టిక్ షీటు మిరపకూ పుచ్చకూ వేసే రైతుకు పనికొస్తుంది గాని, గింజ రాలి మళ్లీ మొలవవలసిన ఇలాంటి తోటలో దానికి చోటు లేదు.

వేసే పద్ధతిలో తొందర పడకు. పొడి నేల మీద ముందే ఆకు పరిచేస్తే చిన్న జల్లులన్నీ ఆకే తాగేసి మట్టికి ఏమీ దక్కనివ్వదు. మృగశిర దాటి రెండు మూడు గట్టి వానలు పడి, జానెడు లోతు తడిసిందని తవ్వి చూసుకున్నాక రెండు మూడు అంగుళాల మందాన పరుచు. కాండం చుట్టూ బెత్తెడు ఖాళీ వదిలితే బెరడు మెత్తబడదు. మన ఎర్ర నేలలో చెదలు తప్పవు, అవి ఎండుటాకును తినిపోవడం మంచిదే. ఇంటి గోడకు మాత్రం ఒక అడుగు దూరంలోనే ఆకును ఆపెయ్యి. వచ్చే వేసవికి ఆ పొర సగానికి తగ్గిపోతుంది, అప్పుడు పైనుంచి కొత్త ఆకు వేస్తే చాలు, పాతదాన్ని తీయనక్కరలేదు. తోటమాలికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచు, లేకపోతే శుభ్రం చేస్తున్నాననుకుని చీపురు పట్టుకుంటాడు.

చెల్లెమ్మను అడిగానని చెప్పు.

నీ మిత్రుడు