మందిరం కప్పు కంటే ముందు గుంటూరు గది: మన సంఘం వైద్య సహాయ నిధికి విజ్ఞప్తి

ప్రియమైన సంఘ సభ్యులకు, ఉద్యోగాల కోసం ఊరు దాటి హైదరాబాదులో, బెంగళూరులో, గల్ఫు దేశాల్లో ఉంటున్న మన పిల్లలకు ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు.

ఈ నెల చివరి ఆదివారం మన కోత పండుగ. ఆ మర్నాడు సోమవారం నుంచి మన స్త్రీల సమాజంలోని ఒక అమ్మకు గుంటూరులో రొమ్ము క్యాన్సర్‌కు రేడియేషన్ మొదలవుతుంది. అక్కడ ఉండడానికి ఒక గది కావాలి, ఆ గది కోసమే ఈ విజ్ఞప్తి. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. తన జబ్బు సంగతి కాగితం మీద ఊరూరా తిరగడం ఆమెకు ఇష్టం లేదు. అయినా ఆరాధనలో ఎడమ వైపు రెండో వరుసలో కూర్చుని, మైకు లేకుండానే చివరి బెంచీ దాకా వినిపించేలా కీర్తన ఎత్తుకునే గొంతు ఎవరిదో మీకు చెప్పాలా? మీలో సగం మంది సండే స్కూలు పాటలు నేర్చుకున్నది ఆమె దగ్గరే.

రొమ్ములో గడ్డ, ముక్క పరీక్ష, ఆపరేషన్, ఆ తర్వాత ఇరవై ఒక్క రోజులకొకసారి కీమో. ఇవన్నీ దాటారు. మొదటి నుంచీ వెంట ఉన్నది కూతురు. పొగాకు గ్రేడింగు పనికి వెళ్తే ఆ పూట కూలి, వెళ్లకపోతే లేదు. అన్న చీమకుర్తి గ్రానైటు క్వారీలో పని చేస్తూ పంపగలిగింది పంపుతున్నాడు. ఆ అమ్మాయి దగ్గర పిల్లల పాత లెక్కల నోటుబుక్కు ఒకటి ఉంది. ఒక పేజీలో పొద్దున, రాత్రి జ్వరం ఎంత ఉన్నదీ, ఏ మాత్ర ఎప్పుడు వేసిందీ, ఎన్నిసార్లు వాంతి అయిందీ రాసుకుంటుంది. ఎదుటి పేజీలో ఆ రోజు అమ్మకు చదివి వినిపించిన దావీదు కీర్తన సంఖ్య. ఒక కీమో తర్వాతి వారం ఎదురుగా 6, 13, 88 అని ఉన్నాయి, మూడూ కన్నీటి మొరలే. బైబిలు చదివేవాళ్లకు ఆ వారం ఆ ఇంట్లో ఎలా గడిచిందో ఆ అంకెలే చెబుతాయి. ఆ పై వారం 23, 121, ధైర్యం చెప్పే కీర్తనలు. నోరంతా పూసిపోయి, గోంగూర పచ్చడి లేనిదే ముద్ద దిగని మనిషి చప్పటి మజ్జిగన్నం తిని పడుకుంటున్నారు.

ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడక తప్పదు. ప్రేమతోనే వెళ్లారు, కాదనను. కానీ ప్రార్థన చేస్తామని ఒకేసారి ఇంటినిండా జనం, అందులో ఇద్దరు దగ్గుతూ వెళ్లడం ఏమిటి? కీమో ఇచ్చాక వారం, రెండు వారాల మధ్య తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి. మనకు మామూలు జలుబు ఆమెకు ప్రాణం మీదికి తెస్తుంది. జ్వరం 100.4 ఫారెన్‌హీట్ తాకితే తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. అలా ఒక రాత్రి ఆటోలో ఒంగోలు వెళ్లారు కూడా. ఇకపై ఇద్దరిద్దరు చొప్పున, సబ్బుతో చేతులు కడుక్కుని వెళ్లండి. ఒంట్లో బాగాలేనివాళ్లు ఇంటి దగ్గరే మోకరించండి. దేవునికి దూరం లేదు.

అంతకంటే బాధ కలిగించిన సంగతి మరొకటి ఉంది. మందులు ఆపేసి నూనె రాసుకుంటే చాలునని, ఇంకా నయం కాలేదంటే కూతురి విశ్వాసంలోనే లోపముందని ఆ అమ్మాయి మొహం మీదే అన్నవాళ్లున్నారు. బైబిల్లోని యాకోబు పత్రిక ప్రకారం పాస్టరు గారు, సంఘ పెద్దలు వెళ్లి నూనె రాసి ప్రార్థించారు. ఆ పత్రికలో మందులు పారేయమని ఎక్కడా లేదు. హిజ్కియా రాజు మరణపడక మీద కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు, ఆయుష్షు పదిహేనేళ్లు పెంచాడు. అయినా అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వేయమన్నాడు యెషయా. ప్రవక్తకే లేని అభ్యంతరం మనకెందుకు? ఆసుపత్రి వరండాలో సెలైను బాటిలు చూస్తూ కూర్చుని, పెదవులు మాత్రం కదుపుతూ ప్రార్థన చేసే పిల్లకు విశ్వాసం తక్కువైందని తూకం వేయడానికి మనమెవరం?

ఆ కుటుంబం దగ్గర చికిత్స అయ్యేదాకా దశమ భాగం, అంటే రాబడిలో పదో వంతు కానుక, తీసుకోకూడదని కమిటీ తీర్మానించింది. తల్లిదండ్రులకు చెందవలసినదాన్ని కొర్బాను అని, అంటే దేవునికిచ్చేశామని, తప్పించుకునేవాళ్లను ప్రభువు ఎంతగా మందలించాడో మార్కు సువార్త 7వ అధ్యాయంలో ఉంది. అమ్మ మందుల డబ్బు కానుక సంచిలో వేయించుకుంటే మనమూ ఆ వరుసలో నిలబడినట్లే. కోశాధికారి గారు ఆ అమ్మాయి ఇచ్చిన కవరు తిరిగి ఇచ్చేశారు. తర్వాతి ఆదివారం అదే కవరు, పేరు కొట్టేసి, సంచిలో కనిపించింది.

ప్రభుత్వ వైద్య కార్డు ఉంది కదా, మళ్లీ డబ్బెందుకని కొందరు ఫోను చేసి అడుగుతున్నారు. ఉంది. ఒకప్పుడు ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్‌టీఆర్ వైద్య సేవ. ఆపరేషను, కీమో, రేడియేషను అందులోనే జరుగుతున్నాయి, అందుకు దేవునికి స్తోత్రం. కానీ రోగి పక్కన ఉండే మనిషి అద్దెకు, తిండికి, పోయిన కూలికి ఏ కార్డూ లేదు. రేడియేషన్ ఒక్కో రోజు కొద్ది నిమిషాలే. అయితే సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ ఉంటుంది, ఈమెకు ఐదు వారాలు చెప్పారు. నూరు కిలోమీటర్లకు పైగా రోజూ వెళ్లి రావడం ఆ ఒంటితో అయ్యే పని కాదు. చాలామందికి తెలియని విషయం ఒకటి చెబుతాను: చికిత్సకు వెళ్లే క్యాన్సర్ రోగికి రైల్లో స్లీపరు టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్లే ఒకరికి నాలుగో వంతు ధరే. ఆసుపత్రి వాళ్లు రైల్వే ఫారం మీద సంతకం చేసి ఇవ్వాలి. మన వాళ్లు ఇది తెలియక చాలాకాలం పూర్తి చార్జీ పెట్టుకున్నారు.

అందుకే గుంటూరులో ఒక గది. ఈ గది మాట నేను ప్రతి సమావేశంలోనూ ఎత్తుతానని కమిటీలో నవ్వుకుంటారు, నవ్వనివ్వండి. ఐదు వారాలకు కాదు, ఏడాది పొడుగునా సంఘం పేరు మీద అద్దెకు ఉండాలి. ఆసుపత్రికి దగ్గరగా, కింది అంతస్తులో. రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, నీళ్లు కాచుకునే పెద్ద గిన్నె. మరుగుదొడ్డిలో కూర్చునే కమోడు తప్పనిసరి, ఆపరేషను అయినవాళ్లు గొంతుక్కూర్చోలేరు. వంట చేసుకునే వీలు లేక హోటలు కారం తిని పుండ్ల నోటితో ఏడ్చిన రోగులను అక్కడి వరండాల్లో చూశాను. ఈ అమ్మ తర్వాత ఆ గది మరొకరికి, ఆ తర్వాత ఇంకొకరికి. మన సంఘస్థులే కానక్కర్లేదు. మన ఊరివాళ్లైతే చాలు, ఏ కులం, ఏ మతం అని అడగకూడదు.

ఈ మాట నేను కొత్తగా కనిపెట్టింది కాదు. 1876-78 నాటి ధాత కరువులో అమెరికా మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పనీ కూలీ ఇచ్చారు. గింజల కోసం సంఘంలో కలిశారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. ఆ తర్వాతే 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ నీళ్లలో దిగినవాళ్ల మునిమనవలం అని గర్వంగా చెప్పుకుంటాం కదా, మరి వాళ్లు చూసిన ఆ సాయాన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి. అంతకు ముందు 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద మోకరించిన మిషనరీ జూయెట్ దొరగారి వెంట ఉన్నది గుప్పెడు మందే. మన మందిరం గోడలు లేచింది కూడా పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ మన అవ్వలు తీసి పక్కన పెట్టిన పిడికెడు బియ్యంతోనే. అంత ఇచ్చిన చేతులకు ఇప్పుడు ఏమైంది? పోయిన నెల నిధి కోసం ప్రకటన చేస్తే వచ్చిన కవర్లు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అదే వారం ఒక పుట్టినరోజుకు ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. ఇంతకంటే అనను.

లెక్కలు క్లుప్తంగా: గది అడ్వాన్సు, కొన్ని నెలల అద్దె, సామాన్లు, ఈ ఐదు వారాల తిండి, దారిఖర్చులు, కార్డు కిందికి రాని పరీక్షలు కలిపి 1,10,000 రూపాయలు. చేతిలో ఉన్నది 41,000. వివరాలు ఆఫీసు గది తలుపు మీద అంటించాం, వచ్చి చూసుకోండి.

కప్పు గురించి కూడా రాయమని కట్టడ కమిటీ పెద్దగారు గట్టిగా చెప్పారు, రాస్తున్నాను. వాన పడితే బలిపీఠం పక్కన కారుతోంది. మైకు సెట్టు, సండే స్కూలు పుస్తకాలు కూడా కావాలి. మార్కు సువార్తలో పక్షవాతం ఉన్న మనిషిని నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి ప్రభువు ముందు దించారు. ఆ కప్పు తర్వాత ఎవరు వేయించారో మార్కు రాయలేదు అన్నాను. పెద్దగారు నవ్వారు గానీ, వానకాలంలోగా కప్పు వేయాలన్న మాట మాత్రం వదలలేదు.

డబ్బే ఇవ్వక్కర్లేదు. గుంటూరులో ఇల్లున్నవాళ్లు గది చూసిపెట్టండి. స్త్రీల సమాజం అక్కచెల్లెళ్లు వారానికొకరు అమ్మ దగ్గర ఉండగలిగితే ఆ అమ్మాయి కొన్ని రోజులైనా పనికి వెళ్తుంది. ఇప్పటికే ముగ్గురు పేర్లిచ్చారు, ఇంకా ఇద్దరు కావాలి. ఆ అమ్మాయి పిల్లలకు సాయంత్రం అన్నం పెట్టే ఇల్లు ఒకటి కావాలి. పిడికెడు బియ్యం శనివారం సాయంత్రం మందిరంలో తీసుకుంటాం.

కానుకలు కోశాధికారి గారికి ఇచ్చి రసీదు తీసుకోండి. దూరాన ఉన్నవాళ్లకు సంఘం బ్యాంకు ఖాతా వివరాలు మన వాట్సాప్ గ్రూపులో ఉన్నాయి. కోత పండుగకు ముందు శుక్రవారం ఉపవాస ప్రార్థన నాటికి అందితే శనివారం గది అడ్వాన్సు కట్టగలం. కవరు మీద "కప్పు" అని విడిగా రాయకపోతే ఆ కానుక వైద్య నిధికే చేరుతుంది. ఈ షరతుకు పెద్దగారు కూడా సంతకం పెట్టారు.

సంఘ కమిటీ తరఫున,
కార్యదర్శి