అరువు సరుకుకూ బిల్లు ఇవ్వాలి

సంపాదకులకు,

అయ్యా,

కాలువలకు నీళ్లు వదిలారన్న కబురుతో పాటే మా గోదావరి డెల్టాలో విత్తనాల దుకాణాల దగ్గర రద్దీ మొదలవుతుంది. సార్వా (ఖరీఫ్) నారుమళ్లు పోసుకునే ఈ అదనులో ఒక చిన్న కాగితం గురించి తోటి రైతులకు, వ్యాపారులకు, వ్యవసాయ శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవించుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పాలకొల్లు దగ్గర నాలుగు ఎకరాలు కౌలుకు చేస్తున్నాను. మూడేళ్ల కిందట దాళ్వాకు (రబీకి) ఒక దుకాణంలో ఎం.టి.యు. 1121 రకం వరి విత్తనం తీసుకున్నాను. సొమ్ము కోతలయ్యాక ఇచ్చే ఏర్పాటు. మా వైపు ఎరువైనా, పురుగుమందైనా, విత్తనమైనా ఎక్కువమందికి అలాగే వస్తుంది. దుకాణం వారు ఒక తెల్ల చీటీ మీద ‘విత్తనం 4 బస్తాలు’ అని రాసి, కింద మొత్తం వేసి ఇచ్చారు. దుకాణం పేరు గాని, రకం పేరు గాని, లాటు నంబరు (విత్తనం ఏ తయారీ విడతలోదో చెప్పే సంఖ్య) గాని అందులో లేవు. తీరా పైరు ఈనే వేళకు చేలో కొంత భాగం ముందే ఈనేసింది, మిగిలినది పచ్చగా నిలబడిపోయింది, మధ్య మధ్య పొడవాటి బెరుకులు (వేరే రకం మొక్కలు) లేచాయి. ఒక పక్క గింజ ముదిరి రాలుతుంటే మరో పక్క ఇంకా పాలు పోసుకుంటున్న చేనును ఎప్పుడు కోయాలో తెలియక నేనూ నా భార్యా గట్టు మీద నిలబడిపోయిన రోజులు ఉన్నాయి. వెళ్లి అడిగితే, “ఆ బస్తాలు మా దగ్గరే కొన్నారని ఆధారం ఏమిటి?” అన్నారు. ఖాళీ సంచులు అప్పటికే వేరే పనులకు వాడేశాం, వాటికి కుట్టిన నీలం ట్యాగులు ఎప్పుడో చెత్తలో కలిసిపోయాయి. నా దగ్గర చూపించడానికి ఏమీ లేదు. బాకీ మాత్రం చివరి రూపాయి వరకు కట్టాను, ఎందుకంటే దుకాణం పద్దు పుస్తకంలో నా పేరు, తేదీ, బస్తాల లెక్క, సొమ్ము పొల్లుపోకుండా ఉన్నాయి.

ఆ పద్దు పుస్తకాన్నే తెప్పించమని జిల్లా వినియోగదారుల కమిషన్‌ను కోరవచ్చునని నాకు ఆ తర్వాత ఒక న్యాయవాది చెప్పగా తెలిసింది. పత్రాలు తెప్పించే విషయంలో కమిషన్‌కు సివిల్ కోర్టుకున్న అధికారాలే ఉన్నాయి. అప్పటికి రెండేళ్లు దాటిపోయాయి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వివాద కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు గాని, తెలియకపోవడాన్ని కారణంగా చెప్పుకోవడానికి నాకే మనసొప్పలేదు.

అప్పటి నుంచి దొరికినంత వరకు ఈ చట్టం గురించి చదివాను. సొమ్ము చెల్లించినవాడే కాదు, చెల్లిస్తానని మాట ఇచ్చి సరుకు తీసుకున్నవాడు కూడా వినియోగదారుడేనని చట్టం స్పష్టంగా చెబుతోంది. కనుక “బాకీ తీరాక బిల్లు ఇస్తాం” అనడానికి వీలు లేదు. బిల్లు ఇవ్వకపోవడాన్ని అదే చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో ఒకటిగా లెక్కించింది. విత్తనాల విషయంలో ఈ బాధ్యత ఇంకా పాతది: 1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం డీలరు నగదుకైనా అరువుకైనా కొనుగోలుదారుకు రసీదు ఇచ్చి తీరాలి, నిల్వలూ ధరలూ దుకాణంలో ప్రదర్శించాలి. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని అడుగున అచ్చువేసిన బిల్లులు మనందరికీ అలవాటే. లోపమున్న సరుకు విషయంలో ఆ వాక్యం వ్యాపారిని కాపాడదు. బిల్లులో గడువేమీ లేకపోతే 30 రోజుల్లోగా లోపమున్న సరుకును వెనక్కి తీసుకుని సొమ్ము తిరిగి ఇవ్వాలి, నిరాకరిస్తే అది కూడా అనుచిత పద్ధతే అవుతుంది.

రైతు వినియోగదారుడు కాడన్న వాదన ఇప్పటికీ వినిపిస్తోంది. 2012 జనవరిలో సుప్రీంకోర్టు మన ఆంధ్రప్రదేశ్ రైతులే గెలిచిన నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో ఆ వాదనను తోసిపుచ్చింది. విత్తనాల చట్టం వేరుగా ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరానికి (ఇప్పటి కమిషన్‌కు) వెళ్లే దారి మూసుకుపోదని, పరీక్ష కోసం రైతు కొంత విత్తనం దాచి ఉంచుకోవాలని ఆశించడం న్యాయం కాదని కూడా చెప్పింది. విత్తనం మొత్తం చల్లేసిన రైతుకు ఇంతకంటే పెద్ద అండ లేదు. కాని ఆ అండ అందుకోవాలన్నా, ఫలానా లాటు ఫలానా చోట కొన్నానని చూపగలగాలి కదా.

ఇల్లు కొనుక్కునేవారి పరిస్థితీ ఇంతే. భీమవరం, అమలాపురం వంటి పట్టణాల్లో అపార్టుమెంట్లు లేస్తున్నాయి, తెల్ల కాగితం మీద సంతకాలతో లక్షలు చేతులు మారుతున్నాయి. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) వర్తించే నిర్మాణాల్లో, ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపం చూపితే బిల్డరు సొంత ఖర్చుతో బాగుచేయాలి. కాగితమే లేనివారు ఏ తేదీ నుంచి లెక్క కడతారు?

వ్యాపారులు నన్ను శత్రువుగా చూడవద్దని ప్రార్థన. నిజాయితీగా అమ్మే డీలరు ఆ విత్తనం స్వయంగా పండించలేదు, సీలు వేసిన సంచినే చేతులు మార్చాడు. బిల్లు మీద లాటు నంబరు ఉంటే, తప్పు ఎక్కడ జరిగిందో వెతకడం తయారీదారు వైపు సాగుతుంది. లేకపోతే ఊరి రైతుకూ ఊరి దుకాణానికీ మధ్య పగలు మిగులుతాయి. మా ఊళ్లో అలాంటివి చూశాను.

ఫిర్యాదు ఖర్చుతో కూడిన పని అని భయపడేవారికి ఒక మాట. కొన్న సరుకు విలువ 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరి కాదు, దుకాణం ఎక్కడున్నా మనం నివసించే జిల్లా కమిషన్‌లోనే దాఖలు చేయవచ్చు, ఆన్‌లైన్‌లోనూ చేయవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేస్తే ముందుగా సలహా దొరుకుతుంది.

నా విన్నపం వ్యవసాయ శాఖ అధికారులకు. ఈ సార్వా మొదలయ్యేలోపు ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద, ప్రతి విత్తన దుకాణం కౌంటరు ముందు, రకం పేరూ లాటు నంబరూ ఉన్న బిల్లు అడిగి తీసుకోవాలని, అరువుకు తీసుకున్నా అది ఇవ్వవలసిందేనని పెద్ద అక్షరాలతో రాయించండి. తనిఖీకి వెళ్లినప్పుడు నిల్వల రిజిస్టరుతో పాటు బిల్లుల పుస్తకం కూడా తెరిపించండి. బిల్లూ, ఖాళీ సంచీ, దాని ట్యాగూ పంట ఇంటికి చేరేదాకా దాచుకోవాలని కౌలుదారులకు చెప్పండి, ముఖ్యంగా పొలం కాగితాలు తమ పేరున లేనివారికి, ఎందుకంటే వారిలో చాలామంది చేతిలో ఉండగలిగే కాగితం ఆ బిల్లు ఒక్కటే.

భవదీయుడు,
ఒక కౌలు రైతు,
పాలకొల్లు ప్రాంతం, పశ్చిమ గోదావరి జిల్లా