ఫిరోజాబాద్ గాజు కొలిములపై ఉమ్మడి పరిశోధన కోరుతూ బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి,

మా వినతులకు జవాబు రానందున అందరి ఎదుటా రాస్తున్నాం.

బొగ్గు పొగ నుంచి తాజ్ మహల్ రక్షణకై 1996లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, ఆగ్రా దగ్గరి ఫిరోజాబాద్‌లోని గాజు కొలిములు బొగ్గు నుంచి సహజవాయువుకు మళ్లాయి. ఇంధనం మారినంత మాత్రాన వృథా ఆగదు. గాజును కుండల్లో కరిగించే కుండ కొలిమి నుంచి వెళ్లే పొగలోని వేడితో, మంటకు అందే గాలిని ముందే కాచే రికూపరేటర్ కొలిమిని ఇంధన పరిశోధన సంస్థ టెరీ రూపొందించి చూపింది. చిక్కంతా నిర్వహణలోనే. ముడిమిశ్రమపు ధూళి, సోడా ఆవిరి రికూపరేటర్‌లో పేరుకుంటాయి. గాలి తగినంత కాగదు, గ్యాస్ ఎక్కువ ఖర్చవుతుంది. పొగలో ఆక్సిజన్ కొలవకుండా గాలి వాల్వు తిప్పడం ఇంకో నష్టం: గాలి ఎక్కువైతే వేడిని మోసుకుపోతుంది, తక్కువైతే గ్యాస్ పూర్తిగా కాలదు.

ముడిమిశ్రమంలో పగిలిన గాజు 10 శాతం కలిపితే శక్తి సుమారు 2.5–3 శాతం ఆదా అవుతుంది. అయితే అందులో పింగాణీ ముక్క పడితే కరగక రాయిలా మిగిలి, వస్తువు అక్కడే చిట్లుతుంది.

ఈ వేడి మొదట తాకేది కొలిమి నోటి దగ్గర నిలబడే కార్మికుడిని. గ్యాస్ బిల్లు భరించలేక కొలిమి ఆర్పితే పోయేదీ అతని కూలే. మన ఆడపిల్లల చేతుల గాజుల్లో ఎన్నో అక్కడివే.

కోల్‌కతాలోని కేంద్ర గాజు, పింగాణీ పరిశోధన సంస్థను, కొలిమి యజమానులను కలిపి, నడుస్తున్న రెండు కొలిములపై ఏడాది పరీక్ష జరిపించండి. టన్ను గాజుకు పట్టే గ్యాస్‌ను రోజూ నమోదు చేయించండి. ఆపకుండా శుభ్రం చేయగల రికూపరేటర్‌ను తయారు చేయించి, నక్షాలు అందరికీ ఇవ్వండి. సగం ఖర్చు ప్రభుత్వం భరించాలి. 60 రోజుల్లో లిఖితపూర్వక సమాధానం కోరుతున్నాం.

ఇట్లు,
గాజు కొలిమి ఇంజినీర్లు