కోటలు కూలలేదు, తనఖాలో పోయాయి

సంపాదకుడికి నమస్కారం.

స్విట్జర్లాండ్ పుట్టుక గురించి తెలుగులో వచ్చే వ్యాసాల్లో తరచూ ఒకే కథ కనిపిస్తుంది. 1291లో రైతులు ఒట్టు పెట్టుకున్నారు, ప్రభువుల కోటలు కూల్చారు, దేశం ఏర్పడింది. 1315లో మోర్‌గార్టెన్, 1386లో సెంపాఖ్ దగ్గర హాబ్స్‌బర్గ్ ప్రభువులతో యుద్ధాలు జరిగిన మాట నిజమే. కానీ బెర్న్, జ్యూరిక్ నగరాల చేతికి పల్లెలు, కోటలు వచ్చిన తీరులో కత్తి కంటే దస్తావేజు పాత్రే ఎక్కువ. అక్కడి ప్రభువులైన కీబుర్గ్ వంశాన్ని చూస్తే చాలు.

వీరి కోట వింటర్‌టూర్ దగ్గర, టోస్ నది పైన కొండమీద ఉంది. 1173లో లెంజ్‌బర్గ్ వంశం, 1218లో జేరింగెన్ వంశం మగసంతానం లేక ఆగిపోయాయి. ఆ ఆస్తుల్లో మంచి వాటాలు వీరికి దక్కాయి. జేరింగెన్ ఆడపడుచు ఆన్నాను ఈ ఇంటి కోడలిగా తెచ్చుకున్నందుకు తూన్, బుర్గ్‌డోర్ఫ్, ఫ్రైబుర్గ్ వచ్చాయి. చివరికి వీరిదీ అదే గతి: 1263లో అయిదవ హార్ట్‌మన్, 1264లో నాలుగవ హార్ట్‌మన్ పోయారు. మగ వారసుడు లేడు. తల్లి కీబుర్గ్ ఇంటి ఆడపిల్ల కాబట్టి హాబ్స్‌బర్గ్ వంశపు రుడాల్ఫ్ కోటను స్వాధీనం చేసుకున్నాడు. జర్మనీ రాజుగా 1273లో ఎన్నికైంది ఈయనే. అదే ఏడు, అయిదవ హార్ట్‌మన్ కూతురు ఆన్నాకు రుడాల్ఫ్ దాయాది ఎబర్‌హార్డ్‌తో పెళ్ళయింది.

రాసేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే. ఆ దంపతుల సంతానాన్ని 'కొత్త కీబుర్గ్' అంటారు. పేరు కీబుర్గ్, రక్తం హాబ్స్‌బర్గ్. కీబుర్గ్ కోట మాత్రం వీరిది కాదు, రుడాల్ఫ్ శాఖది. వీరి బలమంతా తూన్, బుర్గ్‌డోర్ఫ్.

1322లో తూన్ కోటలో ఈ కొత్త కీబుర్గ్ అన్నదమ్ముల తగాదాలో హార్ట్‌మన్ అనే మరొకడు హతుడయ్యాడు. అతని సోదరుడు, రెండవ ఎబర్‌హార్డ్, మరుసటి ఏడే తూన్‌ను బెర్న్‌కు అమ్మి, దాన్నే బెర్న్ కింద జాగీరుగా తిరిగి పుచ్చుకున్నాడు. ఇక అప్పుల మీద అప్పులు. ఆనాటి తాకట్టు మన స్వాధీన తనఖా వంటిది. ఊరి పన్నులు, న్యాయాధికారం అప్పిచ్చినవాడి చేతికి పోతాయి. ఆ రాబడి మామూలుగా అసలుకు జమ కాదు. అసలంతా ఒక్కసారి కడితేనే విడుదల. రాబడి పోయినవాడు అసలు ఎక్కడ తెస్తాడు?

1382లో రుడాల్ఫ్ అనే కొత్త కీబుర్గ్ ప్రభువు తెగించి సోలోథుర్న్ నగరం మీద రాత్రివేళ దాడికి దిగాడు. అది బెడిసికొట్టింది. బెర్న్ సేన బుర్గ్‌డోర్ఫ్‌ను ముట్టడించింది. అయినా కథ ముగిసింది అమ్మకంతోనే: 1384లో బుర్గ్‌డోర్ఫ్, తూన్ రెండూ 37,800 గుల్డెన్లకు (ఆనాటి బంగారు నాణేలు) పూర్తిగా బెర్న్‌కు వెళ్లాయి. కొత్త కీబుర్గ్ 1417లో అంతరించింది.

కీబుర్గ్ కోటదీ ఇదే దారి. 1424లో తాకట్టుగా జ్యూరిక్‌కు వచ్చింది, 1442లో హాబ్స్‌బర్గ్‌కు తిరిగి వెళ్లింది, 1452లో మళ్లీ జ్యూరిక్‌కే చేరింది. 1798 వరకు అందులో ఉన్నది నగరం పంపిన అధికారి. రైతులు అతనికీ పన్ను కట్టారు.

కాబట్టి ఇకముందు ఆ కోట ఫొటో వేస్తే, కింద 'స్వాతంత్ర్యం కోసం రైతులు గెలిచిన కోట' అని రాయించవద్దని మనవి.

– ఒక పాఠకుడు, గుంటూరు