వాడుకోవడానికి ఒక్క రోజూ లేని వోచరు: యాత్ర సొమ్ము రూ. 2,30,000 వాపసు కోరుతూ ఫిర్యాదు

పెరంబూరు, చెన్నై
15 నవంబరు 2021

కస్టమర్ విభాగం మేనేజరు గారికి,

విషయం: స్పెయిన్‌లోని సాంతియాగోకి ఇద్దరికి కాలినడక యాత్ర ప్యాకేజీ. మొదట 2020 మే, తర్వాత 2021 సెప్టెంబరు. రెండూ జరగలేదు. కట్టిన సొమ్ము వాపసు గురించి.

అయ్యా,

ఇది నేను మీకు రాస్తున్న అయిదో ఉత్తరం. మొదటి నాలుగూ ఇంగ్లీషులో పంపిన మెయిళ్ళు. నాలుగింటికీ "డియర్ వాల్యూడ్ గెస్ట్" అంటూ ఒకటే జవాబు వచ్చింది, కామా కూడా మారలేదు. మీరు ఈ యాత్రని మాకు తెలుగులో అమ్మారు. టీ నగర్ ఆఫీసులో కూర్చోబెట్టి, కాఫీ ఇప్పించి, "అంకుల్, మీరు నడవడం ఒక్కటే, మిగతాదంతా మేం చూసుకుంటాం" అన్నారు. అమ్మిన భాషలోనే అడిగితే అయినా ఎవరో ఒకరు చదువుతారని ఇలా రాస్తున్నాను.

ముందే ఒక మాట. కరోనా వచ్చిందని మీ మీద నాకు కోపం లేదు. 2020లో వేళాంగణి మాత ఉత్సవమే జనం లేకుండా జరిగింది. ఏటా ఇక్కణ్ణించి మూడు వందల కిలోమీటర్ల పైమాట నడిచి వెళ్ళే మా పేట కుర్రాళ్ళు ఆ ఏడాది కాషాయం గుడ్డలు బీరువాలోనే ఉంచేశారు. మా యాత్ర ఆగిపోవడం ఏపాటి! నా గొడవల్లా ఆగిపోయిన యాత్రని మీరు నాకు మళ్ళీ అమ్మారని. అమ్మి, అది జరక్కపోతే నేనే మానుకున్నానని కాగితం మీద రాసి, సగం డబ్బు కోసేసుకున్నారని.

జరిగింది జరిగినట్టు చెబుతాను. మీ దగ్గర ఫైలు ఉందో లేదో నాకు అనుమానమే.

2020 జనవరిలో ఇద్దరికీ కలిపి రూ. 1,84,000 పూర్తిగా కట్టాను. రైల్వేలో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులోంచి తీసిన సొమ్ము అది. అపొస్తలుడి, అంటే యేసు ముఖ్య శిష్యుడి, సమాధి మీద కట్టిన గుళ్ళు ప్రపంచంలో మూడే అంటారు: రోములో పునీత పేతురుది, సాంతియాగోలో పునీత యాకోబుది, మా ఊరి సాంతోములో పునీత తోమాసుది. ఈ మాట మీ బ్రోషర్ మొదటి పేజీలో పెద్దక్షరాలతో వేశారు. "ఒక అపొస్తలుడి ఊరి నుంచి ఇంకో అపొస్తలుడి ఊరికి" అని. దానికే మా ఆవిడ పడిపోయింది. ఫిరంగిపురంలో పుట్టి, ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండ ఎక్కిన మనిషి. ఈ యాత్ర వెనక ఆమె మొక్కు ఏమిటన్నది మీకు అనవసరం, నాకూ పూర్తిగా చెప్పలేదు.

2020 మార్చి 14న స్పెయిన్ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. 17న యూరోపు తన సరిహద్దులు మూసింది. 23 నుంచి మన దేశం విదేశీ విమానాలు ఆపేసింది. ఏప్రిల్ 9న మీరు వోచరు పంపారు, చెల్లుబాటు 2021 మార్చి 31 వరకు. విమాన టికెట్లు మేం విడిగా కొనుక్కున్నాం. 2020 అక్టోబరు 1న సుప్రీంకోర్టు టికెట్ల డబ్బు గురించి తీర్పిచ్చాక అవి వాపసు వచ్చాయి. ఆ తీర్పు విమాన టికెట్లకే గాని మీ ప్యాకేజీకి వర్తించదని మీరు రాశారు. ఒప్పుకుంటాను. కానీ ఆ వోచరు బతికున్న ఏడాదిలో ఇండియా పాస్‌పోర్టు ఉన్న ఒక టూరిస్టు చెన్నై నుంచి వెళ్ళి ఆ దారిలో నడవగలిగిన రోజు ఒక్కటంటే ఒక్కటి చూపించండి. ఇటు విమానం లేదు, అటు సరిహద్దు తెరవలేదు. అక్టోబరు 25న స్పెయిన్ మళ్ళీ అత్యవసర పరిస్థితి పెట్టింది, అది మరుసటి మే దాకా నడిచింది. తాళం వేసిన కొట్టుకి కూపను ఇచ్చి, కొట్టు తెరిచేలోగా వాడుకోమన్నట్టుంది మీ వోచరు.

ఇక్కడితో ఆగి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. నష్టం అనుకుని ఊరుకునేవాణ్ణి.

2021 జనవరిలో మీ ఆఫీసు నుంచి ఫోన్. "అంకుల్, వోచరు మార్చితో అయిపోతుంది. ఇప్పుడు 46,000 కడితే సెప్టెంబరుకి మారుస్తాం. ఇది జూబ్లీ సంవత్సరం. ఇది తప్పితే మళ్ళీ 2027 దాకా రాదు" అన్నారు. వాట్సాప్‌లో రంగు పోస్టరు కూడా వచ్చింది, అందులోనూ అదే మాట. పునీత యాకోబు పండుగ జూలై 25. అది ఆదివారం పడిన ఏడాదే అక్కడ జూబ్లీ, అంటే పవిత్ర సంవత్సరం. 2010లో పడింది, 2021లో పడింది, ఇక 2027లో పడుతుంది. లెక్క వరకూ మీరు చెప్పింది నిజమే. కానీ 2020 డిసెంబరు 31న ఆ గుడి పవిత్ర ద్వారం తెరిచినప్పుడే, కరోనా వల్ల ఈ జూబ్లీని పోప్ ఫ్రాన్సిస్ 2022 అంతా పొడిగించారని అక్కడే ప్రకటించారు. మీరు నాకు ఫోన్ చేసింది జనవరి 18న. పద్దెనిమిది రోజుల తర్వాత! ఈ యాత్ర అమ్మడమే వ్యాపారంగా ఉన్నవాళ్ళకి ఆ కబురు తెలియదంటే నేను నమ్మను. తెలియకపోతే అది ఇంకో రకం తప్పు. "మళ్ళీ ఆరేళ్ళ దాకా లేదు" అన్న ఒక్క మాట మీదే నేను 46,000 కట్టాను. అరవై రెండేళ్ళవాడికి ఆరేళ్ళంటే చిన్న మాటా?

ఆ సొమ్ము మీద 5 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళే వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) అంటూ ఇంకో రూ. 2,300 తీసుకున్నారు. విదేశీ టూర్ ప్యాకేజీలకి 2020 అక్టోబరు నుంచి ఆ పన్ను ఉంది, నిజమే, అందుకే మారుమాట్లాడకుండా కట్టి పాన్ కార్డు జిరాక్సు ఇచ్చాను. ఆ 2,300 ఈరోజుకీ నా పేరు మీద జమైన పన్నులు చూపించే 26ఏఎస్‌లో లేదు, సర్టిఫికెట్టూ ఇవ్వలేదు. నా పేరు మీద తీసుకున్న పన్ను ప్రభుత్వానికి కట్టారా లేదా? మిగతా వాటికి జవాబివ్వడానికి టైము పడుతుందంటే అర్థం చేసుకుంటాను. దీనికి మీ అకౌంటెంటు అయిదు నిమిషాల్లో చెప్పగలడు.

ఇక నడక సంగతి. ఇది మీకు చిన్న విషయంగా కనబడుతుందేమో గాని, అసలు కొన్నది దీన్నే.

మొదటి ప్యాకేజీ సారియా నుంచి. అక్కణ్ణించి పోర్టోమరీన్, పాలస్ దె రేయ్, అర్సువా, ఓ పెద్రోసో మీదుగా సాంతియాగో చేరడానికి 115 కిలోమీటర్ల చిల్లర. అందరూ సారియా నుంచి ఎందుకు మొదలుపెడతారో తెలుసు కదా. చివరి 100 కిలోమీటర్లు కాలినడకన వచ్చినట్టు, రోజుకి రెండేసి ముద్రలతో క్రెదెన్సియల్ (దారిలో ముద్రలు వేయించుకునే యాత్రికుడి కార్డు) చూపిస్తేనే అక్కడ యాత్ర పూర్తిచేసినట్టు కంపోస్తెలా పత్రం ఇస్తారు. 2021 జూలైలో మీరు పంపిన సవరించిన కార్యక్రమంలో నడక పోర్టోమరీన్ నుంచి మొదలవుతుందని ఉంది. సారియాలో హోటల్ తెరవలేదని, "పెద్దవారికి శ్రమ తగ్గుతుంది" అని కారణం. 100 కిలోమీటర్ల రాయి ఫెరెయిరోస్ ఊరి దగ్గర ఉంది. అది పోర్టోమరీన్‌కి ఇవతలే, సారియా వైపు. అంటే మీ బస్సు మమ్మల్ని ఆ రాయి దాటించి దింపుతుంది. ఎంత నడిచినా పత్రం రాదు. అలిపిరి మెట్లెక్కుతానని మొక్కుకున్నవాణ్ణి సగం దారి జీపులో తీసుకెళ్ళి దింపి, డబ్బు మాత్రం మొత్తం పుచ్చుకున్నట్టు. దీని గురించి ఫోన్ చేస్తే కౌంటర్లో అమ్మాయి "పత్రం కావాలంటే ఫొటోషాప్‌లో చేయిస్తాం సార్" అంది. పాపం, చిన్నపిల్ల, ఆ పిల్లనేమీ అనకండి. ఆమెకి ఎవరూ ఏమీ నేర్పలేదని మాత్రం తెలిసింది.

మేం మాత్రం మా వంతు చేశాం. లాక్‌డౌన్‌లో మెరీనా కూడా మూసేశారు, డిసెంబరు దాకా తెరవలేదు. అందుకని డాబా మీద తిరిగాం. మా డాబా చుట్టూ ఒక చుట్టు 31 మీటర్లు, నేను టేపు పెట్టి కొలిచాను. మా ఆవిడ చుట్టుకో పూస చొప్పున జపమాల తిప్పేది. 53 చిన్న పూసలు అయ్యేసరికి పదహారు వందల మీటర్ల పైచిలుకు. పొద్దున మూడు జపమాలలు, సాయంత్రం మూడు. నీళ్ళ ట్యాంకు పక్కన మలుపు తిరిగే చోట సున్నం అరిగిపోయి నున్నగా ఒక బాట పడింది, వచ్చి చూడొచ్చు. 2020లో కొన్న నడక బూట్లు పెట్టెలోనే దాచాం, యాత్రకని. ఈ ఆగస్టులో తీస్తే అడుగు బూడిదలా చేతికి రాలింది. చెన్నై ఉక్కకి లోపలి పొర చివికిపోతుందట. అవి మీ ఖాతాలో వేయడం లేదు.

ఆగస్టులో మీ చివరి మెయిల్. దాంట్లో ఉన్నది ఇదీ: మా ఆవిడ కోవిషీల్డ్ వేసుకుంది, ఆమెకి ఇబ్బంది లేదు. నేను వేసుకున్నది కోవాక్సిన్, అది డబ్ల్యూహెచ్‌ఓ జాబితాలో లేదు కాబట్టి స్పెయిన్ ఒప్పుకోదు. అందువల్ల ఇది "ప్రయాణికుడి వైద్యపరమైన అనర్హత", కస్టమరు స్వయంగా రద్దు చేసుకున్నట్టే లెక్క, 50 శాతం కోత. మిగిలిన 1,15,000కి మళ్ళీ వోచరు, డిసెంబరు 31 వరకు.

అయ్యా, మా పేటలో కార్పొరేషన్ శిబిరం పెట్టినప్పుడు ఏ సీసా విప్పితే అది వేశారు. మా ఆవిడ వెళ్ళిన రోజు అది, నేను వెళ్ళిన రోజు ఇది. ఏప్రిల్ నెల, ఊరంతా అంబులెన్సు కూతలు. ఆ క్యూలో నిలబడి, "బాబూ, ఇది యూరోపులో చెల్లుతుందా" అని అడిగే బుద్ధి ఎవడికి ఉంటుంది? ఆ సంగతి వదిలేద్దాం. ఈ నెల 3న డబ్ల్యూహెచ్‌ఓ కోవాక్సిన్‌ని జాబితాలో చేర్చింది. నా అనర్హత తీరింది. మీ కోత తీరలేదు.

అసలు ప్రశ్న వేరే ఉంది. కోవాక్సిన్ వల్లే నేను ఆగిపోయానంటున్నారు. మరి వీసా అపాయింట్‌మెంటు ఎప్పుడు తీసుకున్నారు? జూలైలోనూ ఆగస్టులోనూ నేను మూడుసార్లు అడిగాను, "స్లాట్లు ఓపెన్ కాలేదు అంకుల్" అనే విన్నాను. మా ఆవిడకి కూడా తీసుకోలేదు, ఆమె కోవిషీల్డే కదా! సెప్టెంబరులో మీ గ్రూపు అసలు బయలుదేరిందా? ఎవరెళ్ళారో పేర్లు నాకు అక్కర్లేదు, బయలుదేరిన తేదీ ఒక్కటి చెప్పండి చాలు. ఎవరూ వెళ్ళకపోతే యాత్ర రద్దు చేసింది మీరు, నేను కాదు. రద్దు చేసినవాళ్ళే కోత విధించడం ఏ షరతులో ఉందో చూపించండి. మీ షరతుల కాగితం మొత్తం చదివాను, అందులో లేదు.

కొత్త వోచరు మాట కూడా చెప్పి ముగిస్తాను. ఇవాళ్టి నుంచి దానికి 46 రోజుల ఆయుష్షు. మామూలు విదేశీ విమానాలు ఇంకా మొదలే కాలేదు, ఒప్పందాల మీద తిరిగేవి తప్ప. డిసెంబరు వానల్లో ఆ దారిలో సత్రాలు చాలామటుకు మూసేస్తారు. 2022కి మార్చమంటే ధర 2,90,000 అయిందని, తేడా కట్టమని చెప్పారు. మూడోసారి నన్ను ఆ కౌంటరు దగ్గరికి రమ్మంటున్నారు.

నాకు కావలసింది: రూ. 2,30,000 బ్యాంకు ఖాతాలోకి. వోచరు వద్దు. టీసీఎస్ కట్టి ఉంటే సర్టిఫికెట్టు, కట్టకపోతే ఆ 2,300 కూడా. మీ వైపు నిజంగా ఖర్చయిపోయినది ఏదైనా ఉంటే, స్పెయిన్ హోటలు వాడు వెనక్కివ్వని అడ్వాన్సు లాంటిది, దాని రసీదు చూపించండి, అంత మేరకు తగ్గించుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. రసీదు లేని శాతాలు మాత్రం ఒప్పుకోను.

ఈ నెల 30 దాకా చూస్తాను. అప్పటికీ "వాల్యూడ్ గెస్ట్" మెయిలే వస్తే వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. 2019 చట్టం ప్రకారం నేనున్న జిల్లాలోనే వేసుకోవచ్చు, ఇ-దాఖిల్ వెబ్‌సైటులో ఇంట్లోంచే వేయవచ్చు, అయిదు లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు ఫైళ్ళు నడిపినవాణ్ణి, కాగితం పనికి నాకు విసుగు రాదు.

రసీదులు, రెండు వోచర్లు, జనవరి పోస్టరు, జూలై కార్యక్రమం, ఇద్దరి టీకా సర్టిఫికెట్ల జిరాక్సులు దీనితో పంపుతున్నాను. మీరిచ్చిన క్రెదెన్సియల్ కార్డుల జిరాక్సులు కూడా. వాటిలో మొదటి గడిలో మా పేట చర్చి ముద్ర, 2020 మార్చి 2 తేదీతో ఉంది, మిగతా గడులన్నీ ఖాళీ. అసలు కార్డులు పంపడం లేదు. వాటితో మాకు ఇంకా పని ఉంది, మీ ద్వారా కాకపోవచ్చు.

ఈ ఉత్తరం చేత్తో ఇద్దామని మొన్న ఏడో తేదీ బయలుదేరాను గాని, ఆ వానకి మీ వీధిలో మోకాలి లోతు నీళ్ళు. అందుకే రిజిస్టర్డు పోస్టులో పంపుతున్నాను.

ఇట్లు,
బుకింగు కాగితంలో మొదటి పేరు నాది
(రెండో పేరు మా ఆవిడది, ఆమె కూడా చదివి సంతకం పెట్టింది)