పడవకు పెద్ద ఇంజను కొనే ముందు

సంపాదకులకు నమస్కారం.

మీ ప్రవాసుల పుటలో అమెరికా సరస్సుల మీద చేపల వేట గురించి వచ్చిన వ్యాసం చదివాను. టెక్సాస్‌లో డల్లాస్ చుట్టుపక్కల ఉన్న లూయిస్‌విల్, రే రాబర్ట్స్, లవాన్ సరస్సులకు చిన్న అల్యూమినియం పడవతో వెళ్తుండే వాడిని కనుక, ఆ సరదాను అంత చక్కగా వర్ణించినందుకు సంతోషించాను. అయితే పడవ తగినంత వేగం అందుకోకపోతే ఇంకా ఎక్కువ హార్స్‌పవర్ ఉన్న ఇంజను బిగించుకోవాలని అందులో ఇచ్చిన సలహాతో మాత్రం ఏకీభవించలేను. నేను చూసినంతలో, మందకొడిగా నడిచే చిన్న పడవల్లో చాలావాటికి లోపం ఇంజను శక్తిలో ఉండదు. ఇంజనును ఏ ఎత్తులో బిగించారు, దానికి ఎలాంటి ప్రొపెల్లర్ (నీటిని వెనక్కి నెట్టే రెక్కల చక్రం) తగిలించారు అన్న రెండు విషయాల్లో ఉంటుంది.

నా అనుభవమే చెబుతాను. నా పడవ 14 అడుగులది, వాడినది కొన్నాను. దాని వెనుక పలక, అంటే ఇంజను తగిలించే ట్రాన్సమ్, 15 అంగుళాల ఎత్తు ఉంటుంది. ఆ కొలత తీసుకోకుండానే 20 హార్స్‌పవర్ ఇంజను ఒకటి కొని తెచ్చాను. చిన్న ఇంజన్లు 15 అంగుళాల పొట్టి షాఫ్టుతోను, 20 అంగుళాల పొడవు షాఫ్టుతోను వస్తాయి. షాఫ్టు అంటే ఇంజను నుంచి నీటిలోకి దిగే కాలు. నేను తెచ్చింది పొడవుది. దానితో ఇంజను కాలు ఉండవలసిన దానికంటే ఐదు అంగుళాలు లోతుగా నీటిలో మునిగిపోయింది. నీళ్లు ఆ కాలికి తగిలి వెనుక నుంచి పడవలోకి చిమ్మేవి, హ్యాండిల్ తిప్పితే చేతికి బరువుగా తగిలేది, ఒక్కడినే కూర్చున్నా గంటకు 15 మైళ్లు దాటేది కాదు. ఇంజనులో శక్తి లేదనే నేనూ అనుకున్నాను. ఆ తర్వాత ట్రాన్సమ్ మీద ఐదు అంగుళాల ఎత్తు పెంచే పలక బిగించి ఇంజనును పైకి తీసుకుంటే, అదే ఇంజను, అదే ప్రొపెల్లర్, అదే పెట్రోలుతో పడవ 20 మైళ్లు అందుకుంది.

ఎత్తు సరిపోయిందో లేదో ఎవరికి వారు చూసుకోవచ్చు. ప్రొపెల్లర్‌కు కాస్త పైన ఇంజను కాలికి అడ్డంగా ఒక రేకు ఉంటుంది. దాన్ని యాంటీ వెంటిలేషన్ ప్లేటు అంటారు. పడవ ట్రైలర్ మీద ఉండగా అడుగు భాగానికి ఒక తిన్నని బద్ద ఆనించి వెనక్కి పొడిగిస్తే, ఆ రేకు బద్దకు సమానంగా గాని, అంగుళం లోపు పైన గాని ఉండాలి. మొదట సమానంగా పెట్టి, ఆపై కొంచెం కొంచెంగా పైకి జరుపుతూ నీటి మీద పరీక్షించుకోవడం మంచిది. పడవ ముక్కు దించుకుని నీటి మీద తేలిపోతూ పరుగెత్తేటప్పుడు, నడిపేవారు కాక పక్కన ఉన్నవారు వెనక్కి చూస్తే, ఆ రేకు నీటి ఉపరితలం దగ్గరే కనిపించాలి. కనిపించకుండా లోతుగా ఉంటే ఇంజను తన శక్తిలో కొంత నీటిని చీల్చడానికే ఖర్చు చేస్తున్నట్టు. మరీ పైన ఉంటే మలుపుల్లో ప్రొపెల్లర్ గాలి పీల్చుకుంటుంది. పడవ ముందుకు కదలకుండా ఇంజను మాత్రం ఒక్కసారిగా రొద పెడుతుంది. చాలామంది దీన్ని క్యావిటేషన్ అంటుంటారు కాని అది వేరు: రెక్కల మీద పీడనం పడిపోయి నీరే ఆవిరి బుడగలుగా మారితే అది క్యావిటేషన్, పైనుంచి గాలి లోపలికి వస్తే వెంటిలేషన్. ఇంజనును పైకి జరిపిన ప్రతిసారీ చల్లబరిచే నీటి ధార పక్కనుంచి సరిగా వస్తున్నదో లేదో చూసుకోవాలి. నీరు తీసుకునే రంధ్రాలు గాలికి తేలితే ఇంజను నిమిషాల్లో వేడెక్కుతుంది.

అల్యూమినియం పడవల్లో ఇంకొక చిక్కు ఉంటుంది. వాటిలో చాలావాటికి అడుగున నడిమధ్య కీల్ అనే వెన్నులాంటి గట్టు వెనుక చివరిదాకా సాగి ఉంటుంది. అది సరిగ్గా ప్రొపెల్లర్ ముందు నీటిని కలచివేసి గాలిబుడగలు పంపుతుంది. ఫైబర్ పడవకు సరిపోయిన ఎత్తు అలాంటి పడవకు సరిపోకపోవచ్చు. అర అంగుళమో, ఇంకొంచెమో దించవలసి వస్తుంది. పక్కవారి పడవను చూసి కొలత తీసుకోకూడదనడానికి ఇదే కారణం.

ఎత్తు కుదిరిన తర్వాతే ప్రొపెల్లర్ సంగతి చూడాలి. ప్రొపెల్లర్ మీద రెండు అంకెలు ఉంటాయి: మొదటిది వ్యాసం, అంటే ప్రొపెల్లర్ అడ్డుకొలత, రెండోది పిచ్. మరమేకు చెక్కలోకి దిగినట్టు, ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరిగితే సిద్ధాంతరీత్యా ముందుకు వెళ్లే దూరమే పిచ్. లారీకి గేరు ఎలాంటిదో పడవకు పిచ్ అలాంటిది. బరువేసుకుని ఘాట్ రోడ్డు ఎక్కే లారీని పై గేరులో తోలితే ఇంజను ఎలా మూలుగుతుందో, పిచ్ ఎక్కువైన ప్రొపెల్లర్‌తో బరువైన పడవ అలాగే మూలుగుతుంది.

అందుకే త్రాటిల్ (ఇంజను వేగం పెంచే పిడి) పూర్తిగా తెరిచినప్పుడు ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో కొలవాలి. స్పార్క్ ప్లగ్ తీగకు చుట్టుకునే, చుట్లు లెక్కించే చిన్న టాకోమీటర్ తక్కువ ధరకే దొరుకుతుంది. నా ఇంజనుకు తయారీదారు చెప్పిన పరిధి 5,000 నుంచి 6,000. 10 అంగుళాల పిచ్‌తో ఒక్కడినే వెళ్తే 5,500 వచ్చేది. ఇద్దరు మిత్రులను, ఐస్ పెట్టెను ఎక్కించుకుంటే 4,700 దగ్గరే ఆగిపోయేది. ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే సుమారు 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. 8 అంగుళాలది పెట్టాను. ఇప్పుడు ముగ్గురితో 5,100, ఒక్కడినైతే 5,900. ముగ్గురితో వేగం తగ్గలేదు, ఇంకొక మైలు పెరిగింది. లెక్క చూడండి: గేరు నిష్పత్తి 2.15, అంటే ఇంజను 2.15 చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక్క చుట్టు తిరుగుతుంది కనుక 5,100 వద్ద ప్రొపెల్లర్ నిమిషానికి సుమారు 2,370 సార్లు తిరుగుతుంది. 8 అంగుళాల పిచ్‌తో అది గంటకు 18 మైళ్లు. నా జీపీఎస్ చూపింది 15. ఆ మూడు మైళ్లు నీటిలో జారిపోయేవి. ఇలాంటి పడవకు అంత జారుడు మామూలే. చుట్లు అందుకోలేని ఇంజనును అలాగే పూర్తి త్రాటిల్‌లో నడిపితే పిస్టన్ల మీద భారం పడి ఆయుష్షు తరుగుతుంది. ఎప్పుడూ బరువుతోనే వెళ్లేవారు, కొలరాడోలో 9,000 అడుగుల ఎత్తున ఉన్న డిలన్ లాంటి జలాశయాలకు వెళ్లేవారు పిచ్ ఇంకా తగ్గించుకోవాలి, ఎందుకంటే పలుచని గాలిలో ఇంజను శక్తి గణనీయంగా పడిపోతుంది. రే రాబర్ట్స్‌లో నీటి కింద ఎండిన చెట్లు నిలిచి ఉంటాయి కనుక, నేను స్టెయిన్‌లెస్ స్టీలు ప్రొపెల్లర్ జోలికి వెళ్లకుండా అల్యూమినియం ప్రొపెల్లరే వాడతాను. మోడుకు తగిలితే రెక్క వంగుతుంది, గేర్లు దక్కుతాయి.

ఈ పనులేవీ చేయకుండా పెద్ద ఇంజను తగిలించడం డబ్బు దండగ మాత్రమే కాదు, ప్రమాదం కూడా. అమెరికాలో 20 అడుగుల లోపు మోటారు పడవలకు ఎందరు ఎక్కవచ్చో, ఎంత బరువు మోయగలదో, ఎంత హార్స్‌పవర్ దాటకూడదో తెలిపే సామర్థ్య ఫలకం ఉంటుంది. బరువైన ఇంజనుతో వెనుక భాగం కుంగిన పడవను ఒక్కసారిగా ఆపితే, వెనుక వచ్చే సొంత అలే పలక దాటి లోపలికి దూకుతుంది. అందులో పిల్లలు కూర్చుని ఉంటారు.

కనుక ఆ పుటలో మళ్లీ పడవల గురించి ప్రచురించేటప్పుడు, ఇంజను పెంచమన్న సలహాకు ముందు ట్రాన్సమ్ ఎత్తు, షాఫ్టు పొడవు, పూర్తి త్రాటిల్‌లో చుట్లు, ఫలకం మీది పరిమితి చూసుకోమని ఒక్క పేరా చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఫ్రిస్కో, టెక్సాస్